ట్రాఫిక్‌లో మా మునగచెట్టు

మొన్న ఫాల్గుణంలో విశాఖపట్నం పెళ్లికి వెళ్లాం. భోజనాల దగ్గర ఒక కుర్రాడు, పెళ్లికొడుకు స్నేహితుడట, మర్యాదగా పలకరించాడు.

"మీదే ఊరు తాతగారూ?"

"ట్రాఫిక్" అన్నాను.

"అయ్యో పాపం. ఎక్కడ ఇరుక్కున్నారు, హనుమంతవాక దగ్గరా?"

మా ఆవిడ ముద్ద చేతిలో పట్టుకునే నవ్వింది. పులిహోర అయ్యేదాకా నవ్వుతూనే ఉంది. నాకు నవ్వు రాలేదు. పుట్టింది ట్రాఫిక్‌లో, పెరిగింది ట్రాఫిక్‌లో, ముప్పై తొమ్మిదేళ్లు ఉద్యోగం చేసి రిటైరైందీ ట్రాఫిక్‌లోనే. ఖరగ్‌పూర్‌లో రైల్వేవాణ్ణి ఎక్కడుంటావని అడిగితే వీధి పేరు చెప్పడు, సెటిల్‌మెంటు పేరు చెప్తాడు. నింపురా, మథురాకాటి, ఓల్డ్ సెటిల్‌మెంట్, న్యూ సెటిల్‌మెంట్, సౌత్ సైడ్, ట్రాఫిక్. నా చిన్నప్పుడు మా ట్రాఫిక్‌లో రోడ్డు మీద కనిపించేవి మూడే: సైకిలు, రిక్షా, పాలవాడి గేదె. ఇప్పుడు ఆ పేరుకి తగ్గ హారన్లు వచ్చాయిలెండి. కానీ పేరు పెట్టినప్పటి సంగతి వేరు.

రైల్వేలో బండిని నడిపించే శాఖని ట్రాఫిక్ అంటారు. ఇంజిను వాళ్లు లోకో, కర్మాగారం వాళ్లు వర్క్‌షాపు. గార్డులు, స్టేషన్ మాస్టర్లు, యార్డు మాస్టర్లు, కేబిన్‌మన్లు, పాయింట్స్‌మన్లు, షంటింగు జమేదార్లు ట్రాఫిక్. వాళ్లకి కట్టిన ఇళ్ల వరసలకి ఆ శాఖ పేరే అంటుకుందని మా పెద్దవాళ్లు చెప్పేవారు. మన దేశంలో కులాన్ని బట్టి పేటలున్నాయి, వృత్తిని బట్టి వీధులున్నాయి. డిపార్ట్‌మెంటుని బట్టి పేట ఉండడం రైల్వే ఊళ్లలోనే చూస్తాం.

ఇంత బెంగాలులో ఇంతమంది తెలుగువాళ్లేమిటని ఆ పెళ్లి కుర్రాడే అడిగాడు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే అని ఒక కంపెనీ ఉండేది. బి.ఎన్.ఆర్. ఖరగ్‌పూర్‌లో జంక్షనూ వర్క్‌షాపూ పెట్టింది వాళ్లే. 1900 ఏప్రిల్‌లో కోలాఘాట్ దగ్గర రూప్‌నారాయణ్ నది మీద వంతెన తెరిచారు, హౌరాకి దారి పడింది. 1902కి కటక్ నుంచి వాల్తేరు దాకా ఉన్న తూర్పుతీరం లైను కూడా వాళ్ల చేతికొచ్చింది. ఇంకేముంది, పలాసలో రైలెక్కినవాడు దిగడానికి ఖరగ్‌పూర్ ఒకటి దొరికింది. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వానల్లేని ఏడు వచ్చినవాళ్లు వానలు పడ్డ ఏడు కూడా వెనక్కి పోలేదు. మా తాత టెక్కలి దగ్గర పల్లె నుంచి ఒక ఇత్తడి చెంబుతో వచ్చి పాయింట్స్‌మన్ అయ్యాడు. మా నాన్న గార్డు. నేనూ గార్డు. మూడు తరాలు బండ్లు పంపించాం. ఆ ఊళ్లో ఆ మూడు తరాల్లోనూ మా పేరు మీద జానెడు నేల లేదు.

ఇప్పుడు నేలకి వద్దాం. ఈ రోజుల్లో ఖరగ్‌పూర్‌లో ఇద్దరు ముసలాళ్లు కలిస్తే మోకాళ్ల నొప్పి, ఆ తర్వాత కాఠా ధర. మలంచాలో కాఠా ఎంత, తాల్‌బగీచాలో ఎంత, ఇందాలో రోడ్డు మీదైతే ఎంత. కాఠా అంటే 720 చదరపు అడుగులు, మన లెక్కలో సరిగ్గా 80 గజాలు. ఇక్కడి డెసిమల్, మన సెంటు ఒకటే, ఎకరంలో నూరో వంతు. ఇవన్నీ నాకు అరవై దాటాకే తెలిశాయి. అంతవరకూ ఇల్లంటే నాకు తెలిసిన కొలత టైపు. టైప్ వన్, టైప్ టూ, టైప్ త్రీ. "పిల్ల తండ్రి టైప్ టూలో ఉంటాడు" అంటే సంబంధం సగం కుదిరినట్టే. జీతం, హోదా, ఇంట్లో గదులెన్ని, పెరట్లో కొళాయి ఉందా లేదా, అన్నీ ఆ ఒక్క మాటలో తెలిసిపోయేవి. కట్నాల బేరం కూడా అక్కణ్ణుంచే మొదలయ్యేది, దాన్ని మాత్రం మెచ్చుకోను.

క్వార్టరు ఉద్యోగానిది, మనిషిది కాదు. రిటైరైతే నాలుగు నెలలు మామూలు అద్దె మీద ఉండనిస్తారు. పిల్లల చదువో, ఇంట్లో జబ్బో చూపిస్తే ఇంకో నాలుగు నెలలు, ఎక్కువ అద్దె మీద. ఖాళీ చేస్తేగాని గ్రాట్యుటీ చేతికి రాదు. ఆ తర్వాత కూడా కదలకపోతే డ్యామేజ్ రెంటని దెబ్బ మీద దెబ్బ. మా వీధిలో ఏటా ఇద్దరో ముగ్గురో రిటైరయ్యేవాళ్లు. ఆ ఇంటి వరండాలో చెక్కపెట్టెలు కనబడితే మా అమ్మ వంటింట్లోంచి ముక్కు చీదేది. ఆ పెట్టెలు ఎక్కువగా శ్రీకాకుళం జిల్లాకే బుక్కయ్యేవి.

దానికి ఒక మందుండేది: కొడుకు. కొడుక్కీ రైల్వే ఉద్యోగం వచ్చి, తండ్రి రిటైరవడానికి కనీసం ఆరు నెలల ముందు నుంచీ అతనితోనే ఉంటూ, హెచ్.ఆర్.ఏ. తీసుకోకుండా, షేరింగ్ పర్మిషన్ పెట్టుకుంటే ఆ క్వార్టరు కొడుకు పేరు మీదికి మార్చే వీలుండేది. నేను 1971లో చేరాను. నాన్న రిటైరైనప్పుడు మా కాగితాలన్నీ సరిగ్గా ఉన్నాయి. గార్డు కొడుకు గార్డే కాబట్టి టైపూ మారలేదు. మంచం కూడా జరపకుండా ఇంటి యజమాని మారిపోయాడు. పెరట్లో అమ్మ నాటిన మునగచెట్టు అక్కడే ఉండిపోయింది. చెట్టుకి తెలిసే ఉంటుందా అని అప్పుడప్పుడూ అనుకునేవాణ్ణి, నైట్ డ్యూటీల్లో ఇలాంటివే తడతాయి.

ఆ క్వార్టరు సంగతి కొంచెం చెప్పనివ్వండి. రెండు గదులు, ముందు వరండా, వెనక వంటిల్లు, ఇటుకల ప్రహరీ. ఇనప దూలాల మధ్య ఇటుకల్ని విల్లులా పేర్చి వేసిన కప్పు. ఎండాకాలం మధ్యాహ్నం గచ్చు మీద పడుకుంటే ఆ వంపులు లెక్కపెట్టుకుంటూ నిద్రపోవచ్చు. పదకొండు ఉండేవి. పదకొండోది గోడలోకి సగం దూరిపోయి ఉండేది. ఇప్పుడు నేనుండే ఫ్లాట్‌లో పైకి చూస్తే తెల్ల సున్నం, దాని మధ్యలో ఫ్యాను. లెక్కపెట్టడానికి ఏముంది?

ఈ మాట రాస్తుంటే మా ఆవిడ వెనక నుంచి చదివింది. "పాయిఖానా సంగతి కూడా రాయండి" అంది. రాస్తున్నాను. పెరటి చివర, వెనక సందు వైపు చిన్న తలుపున్న మరుగుదొడ్డి. తెల్లారకముందే ఒక మనిషి వచ్చి ఆ తలుపు తీసి ఎత్తుకుపోయేవాడు. ఫ్లష్ వచ్చింది మా పెళ్లి తర్వాతే. నీళ్లు పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపు. వంట బొగ్గుల పొయ్యి మీద. బొగ్గుపొడిలో మట్టి కలిపి ఆడవాళ్లు గుల్ ఉండలు చేసి గోడవార ఎండబెట్టేవారు. సాయంత్రం ఐదున్నరకి వీధి వీధంతా పొయ్యిలు అంటించేసరికి ఎదురింటి మనిషి కనబడేవాడు కాదు. "మీ రోజుల్లో, మీ రోజుల్లో అంటారు. మీ రోజుల్లో మీరు ఇంట్లో ఉన్నదెన్నాళ్లు? ఆ పొగ మింగింది నేను" అంది. ఇది కూడా రాయమంది. రాశాను.

కానీ ఆ రాత్రులు మాత్రం వదులుకోను. గార్డుకి డ్యూటీ వేళలుండవు, బండి వేళలుంటాయి. గూడ్సు గార్డుకి అవీ ఉండవు. కంట్రోల్ నుంచి కబురొస్తే లాబీ నుంచి కాల్‌బాయ్‌ని పంపేవాళ్లు. చలికాలం ఒంటిగంటన్నరకి సైకిల్ చప్పుడు, గేటు గొళ్లెం మీద కర్రతో మూడు దెబ్బలు, "గార్డ్ సాబ్! కాల్!" నాన్న లేచేలోపు అమ్మ లేచేది. కాల్‌బాయ్ కాల్‌బుక్కు తెరిచి, లాంతరు ఎత్తి పట్టుకునేవాడు. పేరు, బండి నంబరు, కాల్ ఇచ్చిన టైము, సంతకం. నిద్రమత్తులో నాన్న పెట్టే సంతకం ఒక గీత, ఒక సున్నా. ఆ సంతకమే ఆఫీసులో చెల్లేది. పగలు నిదానంగా పెట్టినదే కుదిరేది కాదు. బండికి రెండు గంటలు టైముండేది. ఆ రెండు గంటల్లో అమ్మ రొట్టెలు చేసి, బంగాళాదుంపలు వేయించి, క్యారేజీ కట్టేది. మళ్లీ ఎప్పుడు తిరిగొస్తాడో ఎవరికీ తెలియదు. టాటానగర్ రన్నింగ్ రూములో రెస్టు, అక్కణ్ణుంచి ఇంకెటో.

గొళ్లెం మూడుసార్లు మోగితే మా ఇల్లొక్కటే లేచేది కాదు. ఇటు పక్కింటి అత్త కిటికీలోంచి "ఎటు ఒదినా?" అనేది. "టాటా అట" అనేది అమ్మ. తెల్లారేసరికి వీధిలో అందరికీ ఎవరి మగాడు ఏ స్టేషన్లో ఉన్నాడో తెలుసు. మగాడు లేని ఇంటి పిల్లవాడికి జ్వరమొస్తే రెస్టులో ఉన్న మగాడు సైకిలెక్కించుకుని రైల్వే ఆసుపత్రికి తీసుకెళ్లేవాడు. అతను బీహారీయో, బెంగాలీయో, ఒరియావాడో చూసుకునే పనుండేది కాదు, ఎవడు రెస్టులో ఉన్నాడన్నదే లెక్క. ఖరగ్‌పూర్‌ని మినీ ఇండియా అని ఇప్పుడు ఉపన్యాసాల్లో తెగ అంటున్నారు. అప్పుడు ఆ మాట ఎవరూ అనగా వినలేదు.

కాల్‌బాయ్‌లు పోయారు. ఇప్పుడు సెల్‌ఫోన్‌కి మెసేజి వస్తుంది. భర్తకి కాల్ వచ్చినట్టు పక్క మంచం మీద భార్యకి కూడా తెలియదు.

లైన్ బాక్సు సంగతి చెప్తే మా మనవడు నమ్మడు. నల్ల రంగు వేసిన ఇనపపెట్టె, మూత మీద తెల్ల అక్షరాల్లో పేరు, హెడ్‌క్వార్టరు కె.జి.పి. లోపల చేతిదీపం, రెండు ఎర్ర జెండాలు, ఒక పచ్చ జెండా, పది పటాకాలు (పొగమంచులోనో, ప్రమాదంలోనో పట్టా మీద పెడితే చక్రం కింద ఢామ్మనేవి, పుస్తకంలో డిటొనేటర్లని ఉంటుంది), రూల్స్ పుస్తకం, వర్కింగ్ టైంటేబులు. దాని అడుగున, రూల్సుకి విరుద్ధంగా, చిన్న సీసాలో ఆవకాయ. పెట్టెని బ్రేక్ వ్యాన్ దాకా మొయ్యడానికి బాక్స్ పోర్టరుండేవాడు. ఇప్పుడు ట్రాలీ బ్యాగులొచ్చాయి, పెళ్లికెళ్తున్నవాళ్లలా ఈడ్చుకుపోతున్నారు. 2022 జనవరిలో గార్డు అనే పేరే తీసేశారు. ట్రైన్ మేనేజర్ అట. రిటైరై పన్నెండేళ్లైన నాకు ఆ రాత్రి అన్నం సయించలేదు. మా అబ్బాయి బెంగళూరు నుంచి ఫోన్ చేసి "నాన్నా, నువ్వూ మేనేజరే ఇప్పుడు, నేనూ మేనేజరే" అన్నాడు. వాడికది సంతోషం.

కేబిన్లు కూడా అంతే. లీవర్లు లాగి లాగి కేబిన్‌మన్ల అరచేతులు చెప్పుల అట్టల్లా ఉండేవి. వాళ్లు చెంపమీద కొడితే మూడు రోజులు గుర్తుండేది, నేను చెప్పగలను. 2017 నవంబరులో ఖరగ్‌పూర్‌లో ఎలక్ట్రానిక్ ఇంటర్‌లాకింగు పెట్టారు. 800 రూట్లు ఒక తెర మీద కనబడతాయి, మౌసు నొక్కితే పాయింటు మారుతుంది. గొప్ప విషయమే, కాదనను. బండ్లు ఆగడం తగ్గింది. బి.ఎన్.ఆర్.కి 'బీ నెవర్ రెగ్యులర్' అని పేరు పెట్టి నవ్వుకున్న వంశం మాది, ఇప్పటి బండ్లని నేనేమనగలను? కాకపోతే ఒక్కొక్క మనిషి పోస్టు ఎగిరిపోయినప్పుడల్లా ట్రాఫిక్‌లో ఒక వంటిల్లు ఆరిపోయింది. ఊరికి గిరాకీ పెరిగింది అంటున్నారు, మలంచాలో అపార్ట్‌మెంట్ల మీద అపార్ట్‌మెంట్లు లేస్తున్నాయి. మా పేటకి మాత్రం గిరాకీ అనేదే ఎప్పుడూ లేదు, అమ్మేది కాదు కదా. ఉద్యోగం ఉంటే ఇల్లుండేది. ఉద్యోగం లేని ఇంటిని ఎవరేం చేసుకుంటారు?

ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫారం గురించి అందరూ అడుగుతారు. 1,072.5 మీటర్లు, ప్రపంచంలోకెల్లా పొడవైనదని మా చిన్నప్పటి నుంచీ బడిపుస్తకాల్లో చదివాం. (మా చిన్నప్పుడు ఇంకా తక్కువే ఉండేది, తర్వాత పెంచారు. గొప్ప మాత్రం అంతే ఉండేది.) 2013లో గోరఖ్‌పూర్ వాళ్లు మమ్మల్ని దాటేశారు. 2023లో హుబ్బళ్లి వాళ్లు 1,507 మీటర్లు కట్టి గోరఖ్‌పూర్‌ని దాటారు. ఆ వార్త చదివి మేం పాత గార్డులం టీ తాగాం. గోరఖ్‌పూర్‌కి బాగా అయింది.

ధోనీ సంగతి కూడా చెప్పకపోతే ఒప్పుకోరు. 2001 నుంచి 2003 దాకా ఖరగ్‌పూర్‌లో టి.టి.ఈ.గా ఉన్నాడు, రైల్వే క్వార్టర్లోనే. ఈ ఊళ్లో అతనికి బాలు వెయ్యని మనిషిని ఇంతవరకు నేను చూడలేదు. అన్ని బాల్సు ఆడి ఉంటే టికెట్లు ఎప్పుడు చూశాడో. నేనతన్ని ప్లాట్‌ఫారం మీద దూరం నుంచి చూశాను, పొడుగు జుట్టు. టోపీ సరిగ్గా పెట్టుకోలేదని అనుకున్నాను. అంతే.

మా కాలంలో సంస్కృతి అన్నది ఇన్‌స్టిట్యూట్‌లో ఉండేది. రైల్వే ఇన్‌స్టిట్యూట్ అంటే మీకు కంప్యూటర్ కోచింగు గుర్తుకొస్తుందేమో. ఒక హాలు, స్టేజీ, క్యారమ్ బల్లలు, నాలుగు భాషల పుస్తకాల బీరువాలు. మద్రాసు మెయిల్‌లో ఆంధ్రప్రభ వారపత్రిక వచ్చేది. దాన్ని ముందెవరు చదవాలన్న గొడవలో ఇద్దరు యార్డు మాస్టర్లు ఆరు నెలలు మాట్లాడుకోలేదు. దసరా తర్వాత పద్యనాటకాలు. సత్యహరిశ్చంద్ర వేస్తే కాటిసీనుకి ముందు కంట్రోల్ ఆఫీసులో ఎవరు డ్యూటీలో ఉన్నారో కనుక్కునేవాళ్లు, హరిశ్చంద్రుడికి కాల్ రాకూడదు కదా. ఒక ఏడు వచ్చేసింది. కాల్‌బాయ్ వింగులో నిలబడి కాల్‌బుక్కు చూపిస్తున్నాడు, స్టేజీ మీద మనిషి పద్యం ఆపకుండా రాగం లాగుతూనే ఉన్నాడు. జనం వన్స్‌మోర్. చివరికి పద్యం ముగించి, వింగులోకొచ్చి, మసి చేత్తోనే సంతకం పెట్టి, మళ్లీ వెళ్లి లోహితాస్యుణ్ణి ఎత్తుకున్నాడు. ఆ రాత్రి బాలాసోర్ వైపు వెళ్లిన గూడ్సుకి కాటికాపరి వేషంలోనే గార్డు వెళ్లాడంటారు. అది మాత్రం నేను చూడలేదు.

పండగల్లో మాకు పెద్దది మాతా పూజ. చలి తగ్గి ఎండ ముదిరే రోజుల్లో, అమ్మవారు వచ్చే కాలంలో, పేటపేటకీ జరిగేది. పసుపు నీళ్ల కుండల్లో వేపరెమ్మలు, తలమీద ఘటాలు, తడిచీరలు, డప్పులు. బెంగాలీలకి ఆవిడ శీతల, మాకు మా ఊరి అమ్మోరు. పేరు గురించి ఎవరూ కొట్టుకోలేదు. అదే రోజుల్లో మునగచెట్లు కాస్తాయి. పొక్కులు పొయ్యకుండా ఉంటాయని బెంగాలీలు సొజ్నే కోసం మా గోడ దగ్గరికి వచ్చేవారు. అమ్మ ఇచ్చి పంపేది. వాళ్లు సంక్రాంతికి పిఠే చేసి గిన్నె నింపి పంపేవారు. ఇప్పుడూ మాతా పూజ జరుగుతోంది, అంతకు పదింతలు జరుగుతోంది. ముందు డీజే బండి, దాని వెనక ఇంకో డీజే బండి. డప్పు కొట్టేవాడు పక్కన నిలబడి ఫోన్లో వీడియో తీస్తున్నాడు. అమ్మవారికి చెవులున్నాయి కదా!

ఇక భాష. ఖరగ్‌పూర్ తెలుగు అని ఒకటుంది. "పానీ వచ్చిందేటి? బాల్టీ తే, జల్దీ!" ఇందులో తెలుగెంతో మీరే చూసుకోండి. అయినా మేం దాన్ని తెలుగే అనుకున్నాం, దానితోనే చదువుకున్నాం. మా బడిలో తెలుగు మాస్టారు నాలుగేళ్లు ఒకే శతకం చెప్పారు, ఎందుకంటే పుస్తకం ఒక్కటే ఉండేది. అది ఆయన కంఠస్థం, మాకూ కంఠస్థం. పశ్చిమ బెంగాల్‌లో మాధ్యమిక్ పరీక్షకి ప్రథమ భాషగా తెలుగు ఇప్పటికీ తీసుకోవచ్చు. రాసే పిల్లల్ని వెతుక్కోవాలి. 2020 డిసెంబరులో మమతా బెనర్జీ మంత్రివర్గం తెలుగుకి రాష్ట్రంలో అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించింది, ఖరగ్‌పూర్ తెలుగువాళ్ల లెక్క చూసే. గోల్‌బజారులో మిఠాయిలు పంచారు. నేనూ ఒకటి తిని మా మనవరాలికి వీడియోకాల్ చేశాను, "అమ్మడూ, మన భాష సర్కారు భాష అయింది" అని. "వావ్ తాతా, విచ్ లాంగ్వేజ్?" అంది. దాని తప్పేముంది. వాళ్ల నాన్నని ఇంగ్లీషు మీడియంలో వేసింది ఎవరు? నేనే, గార్డు పాసు మీద రాయగడ నుంచి పరుగెత్తుకొచ్చి, క్యూలో నిలబడి.

1974 మాట చెప్పకుండా ట్రాఫిక్ గురించి చెప్పడం కుదరదు. మే 8న దేశమంతా రైల్వే సమ్మె మొదలైంది, 27న ముగిసింది. నాకు మూడేళ్ల సర్వీసు. ఇరవై రాత్రులు ఎవరి గొళ్లెమూ మోగలేదు. మోగుతుందేమోనని భయపడ్డాం. మగవాళ్లు కొందరు పొలాల్లో, కొందరు బంధువుల ఇళ్లలో. క్వార్టర్లు ఖాళీ చేయిస్తారని పుకారొచ్చిన రోజు మా వీధి ఆడవాళ్లంతా వరండాల్లో బియ్యం చెరుగుతూ కూర్చున్నారు, సాయంత్రం దాకా అవే బియ్యం. అప్పుడు రాష్ట్రపతి వి.వి. గిరిగారు. బరంపురం మనిషి, తెలుగాయన, ఒకప్పుడు బి.ఎన్.ఆర్. కార్మికుల్ని కూడగట్టి యూనియన్ నడిపినవారు. 1927 ఖరగ్‌పూర్ సమ్మె కథలు మా తాత చెప్తుంటే మా నాన్న విని పెరిగాడు. అందుకని ఆ ఇరవై రోజులూ నాన్న ట్రాన్సిస్టర్ పక్కన కూర్చుని "మన గిరిగారు అక్కడున్నారు కదా" అనేవాడు. పొద్దున అనేవాడు, మధ్యాహ్నం అనేవాడు. ఇరవయ్యో రోజు ట్రాన్సిస్టర్ కట్టేసి, లైన్ బాక్సు తెరిచి, దీపం తుడుచుకున్నాడు.

2010లో నేను రిటైరయ్యాను. మా అబ్బాయికి రైల్వే వద్దనుకున్నాం, వాడికీ వద్దు. షేరింగ్ పర్మిషన్ పెట్టుకునేవాడు లేడు. నాలుగు నెలలు, ఆపైన మా ఆవిడ మోకాలి సర్టిఫికెట్టు మీద ఇంకో నాలుగు. ఆ ఎనిమిది నెలల్లో మలంచాలో ఫ్లాట్ చూశాం. ప్రమోటరు చాలా మర్యాదస్తుడు, దాదా దాదా అంటూ రసగుల్లా పెట్టి కాగితాల మీద సంతకాలు పెట్టించుకున్నాడు. పీఎఫ్, కమ్యుటేషన్, ఆ తర్వాత వచ్చిన గ్రాట్యుటీ, మా ఆవిడ రెండు గాజులు. మూడో అంతస్తు. లిఫ్టు ఉంది, అది కూడా గూడ్సు బండి లాంటిదే, సిగ్నల్ ఎప్పుడిస్తుందో తెలియదు. పక్క ఫ్లాట్‌లో ఎవరున్నారో మూడేళ్లకి తెలిసింది, అదీ కరెంటు బిల్లు తప్పొస్తే.

క్వార్టర్లని సబ్‌లెట్ చేస్తున్నారని, పరాయివాళ్లు దూరారని, అందుకే పేట పాడైందని మా పాత గార్డుల దగ్గర నేను చాలాసార్లు అన్నాను. మా ఆవిడ వింటే "ఆ బాలాసోర్ కుర్రాడు?" అంటుంది. నిజమే, రెండేళ్లపాటు మా వరండా గది ఒక చదువుకునే కుర్రాడికిచ్చాం. అద్దె తీసుకోలేదు. పాలు, కూరగాయలు అతనే తెచ్చేవాడు. దాన్నేమంటారో నాకు తెలియదు.

పోయిన చైత్రంలో సైకిలేసుకుని ట్రాఫిక్ వెళ్లాను. గార్డుల వరసలో సగం ఇళ్లకి తలుపుల్లేవు, కిటికీ చట్రాలు పీకేశారు. గోడల మీద ఎర్ర రంగుతో ఇంగ్లీషులో 'అబాండన్డ్' అని పెద్ద అక్షరాలు. మా ఇంటి మీద కూడా. వరండాలో ఎవరిదో మేక కట్టేసి ఉంది. లోపలికి తొంగిచూస్తే కప్పు ఒక పక్క కూలింది. వంపులు లెక్కపెట్టాను, ఏడున్నాయి.

పెరట్లో చెట్టు ఉంది. పైన నరికేసినట్టున్నారు, మళ్లీ చిగిర్చి గోడ దాటిపోయింది. నిండా కాయలు. ఒకావిడ పొడుగు కర్రకి కొడవలి కట్టి కోస్తోంది, కింద చిన్నపిల్ల ఏరుతోంది. నన్ను చూసి కర్ర ఆపింది. చెట్టు నాదేమో అనుకున్నట్టుంది.

"క్యా చాహియే, దాదూ?"

నాకు హిందీ వచ్చు, బెంగాలీ వచ్చు, ఒరియా పనికొచ్చేంత వచ్చు. ఏ భాషలోనూ ఏం చెప్పాలో తోచలేదు. ఇక్కడ ఉండేవాళ్లమని చెప్పాను. క్వార్టరు నంబరు చెప్పాను. ఆవిడ గోడ వైపు చూసింది, నంబరు పలక ఉండాల్సిన చోట నాలుగు మేకు బెజ్జాలున్నాయి. తల ఊపింది. పిల్ల ఏరిన వాటిలోంచి ఆరు కాయలు తీసి గడ్డిపోచతో కట్టి నాకిచ్చింది. జేబులో చెయ్యి పెడితే "నా నా, దాదూ" అంది.

ఇంటికి తెచ్చి ఇచ్చాను. మా ఆవిడ ఒక కాయ విరిచి నార లాగి చూసింది.

"ముదిరిపోయాయి" అంది. "ఆకు తేవాల్సింది."